పొలం అమ్మకుండా, అప్పు చేయకుండా విదేశంలో పీహెచ్‌డీ: ఫండింగ్ వచ్చింది, అడగాల్సినవి అడగండి

మిర్చి_చేను | మార్చి 3, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. నెదర్లాండ్స్‌లోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి సెలెక్ట్ అయ్యాను. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ స్క్లోడోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ కింద. ఫీజు లేదు, పైగా నెలనెలా జీతం. సెప్టెంబర్‌లో చేరాలి.

మాది ఖమ్మం జిల్లా, నాలుగెకరాల మిర్చి. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు నేను అగ్రికల్చర్ బీఎస్సీ ఆఖరి సంవత్సరం. సెలవులకు ఇంటికొస్తే నాన్న నన్ను తోటలోకి తీసుకెళ్లి ఒక పువ్వు కోసి నా నోట్‌బుక్ తెల్ల కాగితం మీద తట్టారు. ఆవగింజలో పావు వంతు కూడా లేని నల్లటి పురుగులు పదిహేడు రాలాయి. ఒక్క పువ్వులోంచి. ఆ ఏడాది వారానికి రెండుసార్లు మందు కొట్టారు. కాయ నిలవలేదు. సంక్రాంతికి ముందే తోట దున్నించేశారు. ఎంటమాలజీ (కీటకశాస్త్రం) ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఇది రాయడానికి అసలు కారణం వేరే. నేను బయట చదువుతానన్నప్పుడు మా మేనమామ వెంటనే ఎకరానికి బేరం చూశాడు. ఆయన తప్పేం లేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలందరూ ఎమ్మెస్‌కి వెళ్లారు, అందరూ అప్పు చేసో, భూమి అమ్మో వెళ్లారు. అందుకని పీహెచ్‌డీకి ఇంకా ఎక్కువ పోయాలనుకున్నాడు. ఎమ్మెస్‌కి మనం ఫీజు కడతాం. పీహెచ్‌డీలో మనం పని చేస్తాం, వాళ్లు డబ్బిస్తారు. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని ఇళ్లలో ఆడపిల్లల చదువు ఎమ్మెస్సీ దగ్గర ఆగిపోయిందో నేను కళ్లారా చూశాను.

తెలిసినంత వరకు చెబుతాను. అడగండి.

---

గోదారి_గట్టు | మార్చి 3, రాత్రి 10:05

శుభాకాంక్షలు చెల్లీ! పదిహేడు పురుగుల మాట చదివి కాసేపు అలా ఉండిపోయాను.

నేను స్వీడన్‌లో మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఇక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఖాళీల పేజీలో ప్రకటన వేస్తారు, అప్లై చేస్తాం, ఇంటర్వ్యూ, ఆఫర్ లెటర్. ట్యూషన్ ఫీజు అసలుండదు. సెలవులు, పెన్షన్, ప్రసూతి సెలవు అన్నీ ఉంటాయి. చదువు లెక్కన నాలుగేళ్లు. 20 శాతం దాకా పాఠాలు చెప్పే పని ఇస్తే ఐదేళ్లకు సాగుతుంది.

నాకు ఇది తెలిసింది బీటెక్ అయిన మూడేళ్ల తర్వాత. అప్పటిదాకా ‘స్కాలర్‌షిప్’ అని వెతుకుతూనే ఉన్నాను. వెతకాల్సింది ఖాళీల పేజీలో అని ఎవరూ చెప్పలేదు.

---

రెండో_షో | మార్చి 3, రాత్రి 10:31

కంగ్రాట్స్ అక్కా. మేరీ క్యూరీ అంటే చేతికి ఎంత వస్తుంది? ఏజ్ లిమిట్ ఉందా? ఎక్కడ వెతకాలి?

---

మిర్చి_చేను | మార్చి 3, రాత్రి 11:12

తమ్ముడూ, నా నెట్‌వర్క్ లెక్క ప్రకారం నెలకు 3,400 యూరోల లివింగ్ అలవెన్స్, దాని మీద వేరే దేశానికి మారినందుకు 600 యూరోల మొబిలిటీ అలవెన్స్. ఆ 3,400ని దేశంలోని ఖర్చుల్ని బట్టి కొంచెం పెంచుతారు లేదా తగ్గిస్తారు. ఒక సంగతి జాగ్రత్తగా చూడు: యూనివర్సిటీ యజమానిగా కట్టాల్సిన భాగం, మన పన్ను, బీమా అన్నీ ఇందులోంచే పోతాయి. అంకె చూసి రూపాయల్లోకి మార్చి ఇంట్లో చెప్పేయొద్దు. చేతికొచ్చేది బాగా తక్కువే. అయినా ఒక మనిషి నిశ్చింతగా బతకొచ్చు.

వయసు పరిమితి లేదు. ఇప్పటికే పీహెచ్‌డీ ఉండకూడదు. ఇంకో రూల్: చేరే తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. మా సీనియర్ ఒకరు జర్మనీలో ఎమ్మెస్ పూర్తిచేసి, జర్మనీలోని పొజిషన్‌కే అప్లై చేసి ఈ రూల్ దగ్గరే ఆగిపోయారు. పక్క దేశంలో పెట్టుంటే సరిపోయేది.

వెతకడానికి యూరాక్సెస్ అని, యూరప్‌లో పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైట్ ఉంది. ఏ దేశం వాళ్లయినా పెట్టొచ్చు. ఒక నెట్‌వర్క్‌లో పది పదిహేను పొజిషన్లు ఉంటాయి, ఒక్కో పొజిషన్‌కి ఒక్కో టాపిక్ ముందే రాసి ఉంటుంది. వాళ్లు రాసిన టాపిక్‌కి నువ్వెందుకు సరిపోతావో చెప్పాలి. నేను మొదట్లో ఇది అర్థం కాక నా సొంత ప్రపోజల్ ఆరు పేజీలు రాసి పంపాను.

---

పాలమూరు_బడి | మార్చి 4, ఉదయం 6:50

నమస్తే మేడమ్. నేను సోషియాలజీ ఎంఏ, ఎస్సీ కేటగిరీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మీరు చెబుతున్నవన్నీ సైన్స్ వాళ్లకి. ప్రాజెక్టులో జీతమిచ్చే పొజిషన్లు మా సబ్జెక్టుల్లో తక్కువ. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ఎవరికైనా వివరంగా తెలుసా? మా ఊరి నుంచి అడిగేవాళ్లు నలుగురున్నారు.

---

లైబ్రరీ_మెట్లు | మార్చి 4, ఉదయం 9:15

పాలమూరు గారూ, నేను రెండుసార్లు అప్లై చేశాను, రెండోసారి వచ్చింది. ఇప్పుడు యూకేలో ఉన్నాను. ఇక్కడికి రావడానికి ముందు మా ఇంట్లో పాస్‌పోర్ట్ ఉన్న మనిషి లేడు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చేది. ఏడాదికి 125 స్లాట్లు. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తులవాళ్ల పిల్లలకు. ఎస్టీలకు గిరిజన శాఖ విడిగా ఏడాదికి 20 ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు, సీటొచ్చిన యూనివర్సిటీ క్యూఎస్ ప్రపంచ యూనివర్సిటీ ర్యాంకుల్లో 500 లోపు. ట్యూషన్ ఫీజు, విమాన ఛార్జీ, వీసా, బీమా ఇస్తారు. ఖర్చులకు ఏడాదికి అమెరికా వగైరా దేశాలకైతే 15,400 డాలర్లు, యూకేకైతే 9,900 పౌండ్లు. లండన్‌లో ఆ డబ్బుతో గదికే కష్టం. చిన్న ఊళ్లో యూనివర్సిటీ చూసుకోండి, నేను అదే చేశాను.

మీ సబ్జెక్టుకి ముఖ్యమైన విషయం. 2022లో మార్గదర్శకాలు మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన సమాజం మీద అధ్యయనాలకు ఈ స్కాలర్‌షిప్ ఇవ్వడం లేదు. ఇది చాలా అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మన పల్లెల గురించి పరిశోధించాలని ఉన్న పిల్లలకే తలుపు మూశారు. మొదటిసారి నా టాపిక్ పోయింది అందుకే. రెండోసారి వలస కార్మికులపై వేరే దేశాలను కలిపి తులనాత్మకంగా రాసుకున్నాను.

దీని మీదే ఆశ పెట్టుకోవద్దు. యూనివర్సిటీల్లో ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు కూడా పెట్టండి. ఉదాహరణకు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో గేట్స్ కేంబ్రిడ్జ్. 2000లో మొదలైంది, యూకే బయటి వాళ్లకు ఏటా 80 వరకు ఇస్తారు, ఏ సబ్జెక్టయినా సరే. మన టాపిక్ మీద ఆంక్షలుండవు. తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు కూడా ఉంది, కానీ అది ఒకసారి ఇచ్చే సాయం. మూడు నాలుగేళ్ల పీహెచ్‌డీకి అదొక్కటే సరిపోదు.

ఇన్‌కమ్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ ఇప్పుడే తీసి పెట్టుకోండి. చివరి వారంలో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన టెన్షన్ నాకు తెలుసు.

---

పాలమూరు_బడి | మార్చి 4, ఉదయం 9:58

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ప్రింట్ తీసి గోడకు అంటిస్తాను. ధన్యవాదాలు.

---

మంచు_ఊరు | మార్చి 4, రాత్రి 8:40

అమెరికా వైపు నుంచి నాలుగు ముక్కలు. ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో బయాలజీ పీహెచ్‌డీ చేశాను.

చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాములకు అప్లికేషన్ గడువు డిసెంబర్ 1 నుంచి 15 మధ్య. ట్యూషన్ మాఫీ, నెలకు స్టైపెండ్, దానికి బదులుగా వారానికి 20 గంటలు టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పని. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే సాధారణంగా ఏప్రిల్ 15 దాకా జవాబివ్వడానికి టైముంటుంది. ముందే ‘ఇప్పుడే చెప్పు’ అని తొందరపెడితే కంగారుపడొద్దు. అప్లికేషన్ ఫీజు మాఫీ చేయమని మెయిల్ పెట్టండి. నేను ఎనిమిది చోట్ల అడిగితే మూడు చోట్ల మాఫీ చేశారు. అడగడానికి మొహమాటపడితే ఒక్కోదానికి ఎనిమిది తొమ్మిది వేల రూపాయలు పోతుంది.

స్టైపెండ్ మీద పన్ను కట్టేటప్పుడు భారత్–అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21 చూసుకోండి. మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, అంటే ఆదాయంలో కొంత భాగం మీద పన్ను ఉండదు. చాలామందికి తెలియక ఆ డబ్బు వదిలేస్తున్నారు.

అమెరికా ఒక్కటే నమ్ముకోవద్దు. 2025లో పరిశోధన నిధుల కోతలొచ్చి చాలాచోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు, కొన్ని చోట్ల ఇచ్చిన ఆఫర్లు కూడా వెనక్కి తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం ఇచ్చే రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ ఉంది, జపాన్‌లో అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. మెక్స్ట్‌కి 35 లోపు వయసు, డాక్టరేట్ వాళ్లకు నెలకు 1,45,000 యెన్లు, ఫీజు లేదు.

---

ఒంగోలు_నాన్న | మార్చి 5, ఉదయం 5:30

అందరికీ నమస్కారమండి. నేను చదువుకున్నది ఇంటర్ వరకే. మా అమ్మాయి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైంది. పీహెచ్‌డీ బయట చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు యూరప్‌లో పీహెచ్‌డీ సీటు గ్యారంటీ అని 3 లక్షలు అడుగుతున్నారు. సగం ముందు, సగం సీటు వచ్చాక. దాంతోపాటు ఒక జర్నల్‌లో పేపర్ వేయిస్తామని విడిగా 40 వేలు. అరెకరం బేరం పెట్టాను. ఎల్లుండి అడ్వాన్సు తీసుకోవాలి. మీ మాటలు చదివాక నిద్ర పట్టలేదు. తీసుకోమంటారా, వద్దా?

---

మిర్చి_చేను | మార్చి 5, ఉదయం 6:04

బాబాయ్ గారూ, వద్దు. దయచేసి అడ్వాన్సు తీసుకోవద్దు.

జీతమిచ్చి పనికి పెట్టుకునే చోట సీటుకి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. అమ్మాయిని ఎంచుకునేది ఆ ల్యాబ్ ప్రొఫెసర్, ఆయన మనుషులు. కన్సల్టెన్సీ మాట అక్కడ చెల్లదు. నిజమైన పొజిషన్ ఏదీ సీటు కోసం ముందు డబ్బు కట్టమనదు. యూరప్‌లో నేను పెట్టిన 23 అప్లికేషన్లకు ఒక్క రూపాయి ఫీజు లేదు. నాకు ఖర్చయింది ఐఎల్ట్స్ పరీక్షకి, మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్ట్‌లకి, వీసాకి.

---

గోదారి_గట్టు | మార్చి 5, ఉదయం 11:20

ఆ 40 వేల పేపర్ సంగతి నేను చెబుతాను. డబ్బు తీసుకుని వారంలో వేసే జర్నళ్లు ఇక్కడి ప్రొఫెసర్లకు పేరు చూడగానే తెలుస్తాయి. అలాంటి పేపర్ ఉండటం కంటే ఏ పేపరూ లేకపోవడం వెయ్యి రెట్లు మేలు. నాకు సెలెక్ట్ అయ్యేనాటికి ఒక్క పేపరూ లేదు. ఎమ్‌టెక్ థీసిస్ మాత్రమే.

---

చాక్‌పీస్ | మార్చి 5, మధ్యాహ్నం 1:45

నాకు 37. డిగ్రీ కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌ని, ఇద్దరు పిల్లలు. మేరీ క్యూరీకి వయసు పరిమితి లేదన్నారుగా, ఆ మాట పట్టుకుని అడుగుతున్నాను. నా సమస్య రికమండేషన్ లెటర్లు. గైడ్ రిటైరయ్యారు. ఇంకో సార్‌ని అడిగితే ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అన్నారు. ఇంకొకరు నాలుగు నెలలుగా రేపు, మాపు అంటున్నారు.

---

మిర్చి_చేను | మార్చి 5, రాత్రి 9:50

సార్, నాకూ ఇదే జరిగింది. ఒక సార్ లెటర్ ఇవ్వక రెండు డెడ్‌లైన్లు పోయాయి. హాస్టల్ గదిలో కూర్చుని ఏడ్చాను. పేరు చెప్పను, ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. లెటర్ అడగడానికి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లేదాన్ని. అందులో నేను వాళ్ల దగ్గర చేసిన పని మాత్రమే, లెక్కలతో. ‘మూడు మండలాల్లో 42 తోటలు తిరిగి, వారానికోసారి పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు మార్చి లెక్కపెట్టింది’ ఇలాగ. పొగడ్త వాళ్లిష్టం, వివరం మనం ఇవ్వాలి. అది చూశాక మా మేడమ్ అరగంటలో సొంతంగా రాశారు. యూరప్ వాళ్లు లెటర్‌ని నేరుగా ఆవిడ కాలేజీ మెయిల్ నుంచే పంపమన్నారు. మన దగ్గర చాలామంది సార్లు జీమెయిలే వాడతారు, అది చూసి అనుమానిస్తారు. సంస్థ మెయిల్ ఐడీ ఉందో లేదో ముందే కనుక్కోండి. గైడ్ రిటైరైనా ఫర్వాలేదు, మీ పని కళ్లతో చూసిన మనిషి ఆయనే. ఆయన్నే అడగండి.

మేరీ క్యూరీలో కుటుంబం ఉన్నవాళ్లకు విడిగా ఫ్యామిలీ అలవెన్స్ కూడా ఉంది సార్. మీరు తప్పకుండా పెట్టాలి.

---

రెండో_షో | మార్చి 5, రాత్రి 10:15

అక్కా, 23 అప్లికేషన్లలో ఏది పనిచేసింది? ఆ మెయిల్ చూపిస్తావా?

---

మిర్చి_చేను | మార్చి 6, ఉదయం 7:30

చూపిస్తాను. మొదటి పన్నెండు మెయిళ్లూ ఇలా మొదలయ్యేవి (ఇంగ్లీషులో రాసినదానికి తెలుగు సారం): ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ అద్భుతమైన పరిశోధన చూసి స్ఫూర్తి పొందాను, నేను చాలా కష్టపడే అమ్మాయిని, కీటకశాస్త్రం అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం.’ ఒక్కదానికీ జవాబు రాలేదు. అందులో ప్రొఫెసర్ పేరు మార్చి ఎవరికైనా పంపొచ్చు, నా పేరు మార్చి ఎవరైనా పంపొచ్చు.

పనిచేసినది ఇది. స్పెయిన్‌లో అల్మేరియా అనే చోట వేల హెక్టార్ల ప్లాస్టిక్ గ్రీన్‌హౌసుల్లో క్యాప్సికమ్ పండిస్తారు. మందుల అవశేషాల గొడవ వచ్చాక, 2007 ప్రాంతంలో అక్కడి రైతులు దాదాపు అందరూ రెండు మూడు సీజన్లలో మిత్రపురుగుల వైపు మళ్లారు. తామర పురుగుని తినే ఓరియస్ అనే చిన్న పురుగుని, పరభక్షక నల్లిని తోటలో వదులుతారు. నేను రాసింది: ‘అక్కడ ప్లాస్టిక్ కప్పు కింద పనిచేసిన ఓరియస్, మా ఖమ్మంలో ఆరుబయట 40 డిగ్రీల ఎండలో, పక్క చేను మీద మందు కొట్టిన గాలిలో బతుకుతుందా? నేను లెక్కపెట్టిన 42 తోటల్లో మందు తక్కువ కొట్టిన తొమ్మిదింటిలో ఓరియస్ దానంతట అదే కనిపించింది. మీ పొజిషన్ అడిగే ప్రశ్నకు నా దగ్గర మొదటి అడుగు ఉంది.’ అంతే. మెయిల్ మొత్తం పదకొండు వాక్యాలు, ఇది దాని సారం.

 

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో నలభై నిమిషాలు. నా ఇంగ్లీషు గురించి చాలా భయపడ్డాను, నేనూ తెలుగు మీడియమే. ప్రతి జవాబూ ముందు నాన్నకి తెలుగులో చెప్పి, ఆయనకి అర్థమయ్యాక ఇంగ్లీషులోకి తెచ్చుకున్నాను. నాన్న మధ్యలో ఆపి ‘ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, ఆ ముక్క చెప్పావా లేదా’ అని అడిగారు. ఇంటర్వ్యూలో నిజంగానే అది చెప్పాను. ప్రొఫెసర్ పెన్ను తీసుకుని రాసుకున్నారు.

---

లైబ్రరీ_మెట్లు | మార్చి 6, మధ్యాహ్నం 2:10

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

---

ఒంగోలు_నాన్న | మార్చి 7, రాత్రి 7:25

బేరం వద్దని చెప్పేశానండి. వాళ్లకి కోపం వచ్చింది, రానివ్వండి. మీ అందరికీ రుణపడి ఉంటాను. మా అమ్మాయి కింద రాస్తుంది, ఇదే ఫోన్‌లోంచి.

నమస్తే అక్కా, నమస్తే అన్నా. నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ నీళ్లలో ఫ్లోరైడ్ తీయడం మీద, యాక్టివేటెడ్ అల్యూమినాతో. మా అమ్మమ్మ వాళ్లది కనిగిరి వైపు, అక్కడ ఫ్లోరైడ్ బాధ మీకు తెలిసిందే. అమ్మమ్మ మోకాళ్లు వంచలేదు. మెయిల్ రాశాను. మొదటి పేరాలో నా మార్కులు, గోల్డ్ మెడల్ రాశాను. రెండో పేరాలో ల్యాబ్‌లో 90 శాతం తీయగలిగామని. చివర్లో ఒక లైను: కనిగిరి బోరు నీళ్లతో చేస్తే అంత రాలేదు, అందుకని ఆ ఫలితం థీసిస్‌లో పెట్టలేదు. ఆ లైను ఉంచాలా, తీసేయాలా? స్వీడన్‌లో ఒక పొజిషన్‌కి ఈ నెల 15 ఆఖరు.

---

గోదారి_గట్టు | మార్చి 7, రాత్రి 8:02

చెల్లీ, ఆ లైను తీసేయొద్దు. దాన్నే మొదటి వాక్యం చెయ్యి. డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి తీయడం అందరూ చేస్తారు. బోరు నీళ్లలో ఎందుకు పనిచేయలేదో నీకు ఏమనిపిస్తోంది? ఆ నీళ్ల పీహెచ్ ఎంత ఉంది? బైకార్బనేట్ చూశావా?

---

ఒంగోలు_నాన్న | మార్చి 7, రాత్రి 8:20

పీహెచ్ 8.1 అన్నా. బైకార్బనేట్ చాలా ఎక్కువ. అల్యూమినా మీద ఫ్లోరైడ్‌కి దొరకాల్సిన చోట్లను అదే ఆక్రమిస్తోందని నా అనుమానం. పీహెచ్‌ని 6కి దించితే బాగా పెరిగింది, కానీ ఊళ్లో ఎవరు యాసిడ్ కలుపుతారు? ఆ రీడింగులు నా రఫ్ బుక్‌లోనే ఉన్నాయి.

---

మిర్చి_చేను | మార్చి 7, రాత్రి 8:41

ఇప్పుడు రాసిన ఈ నాలుగు లైన్లే నీ మెయిల్ చెల్లీ. మార్కులు, మెడల్ సీవీలో ఉంటాయి, అక్కడ చూసుకుంటారు. రఫ్ బుక్ పేజీని ఫోటో కాకుండా చక్కగా గ్రాఫ్ గీసి ఒక పేజీ జత చెయ్యి. రేపు సాయంత్రానికి మళ్లీ రాసి ఇక్కడ పెట్టు, నేనూ అన్నా చూస్తాం. లెటర్ కోసం మీ మేడమ్‌ని మాత్రం రేపు పొద్దున్నే కలువు, 15కి ఇంక ఎనిమిది రోజులే ఉంది.